పాత రాక్ కచేరీ పోస్టర్ల టీషర్టులు: మంచి ప్రింట్ ఎలా గుర్తుపట్టాలి?

గోదారి గిటార్
ఆన్‌లైన్‌లో 699 రూపాయలు పెట్టి ఒక టీషర్టు తెప్పించాను. 1967 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో రాక్ కచేరీ పోస్టర్ బొమ్మ, విక్టర్ మాస్కోసో అనే ఆర్టిస్టుది. సైట్‌లో ఫోటో చూస్తే ఎరుపూ నీలమూ కళ్ళు జిగేల్‌మనేలా ఉన్నాయి. చేతికొచ్చిన దాంట్లో రెండు రంగులూ మాడిపోయి ఉన్నాయి. పోస్టర్‌ని నలుచదరంగా, తెల్ల అంచుతో సహా ఛాతీ మీద అతికించేశారు. వేసుకుంటే అక్కడ గాలి ఆడదు, చెమట. నాలుగు ఉతుకులు పడకముందే మడతల దగ్గర పగుళ్ళు. ఆర్టిస్టు పేరు ఎక్కడా లేదు, ట్యాగ్ మీద "వింటేజ్ రాక్" అని మాత్రం ఉంది. అమ్మినవాళ్ళని అడిగితే "ప్రింట్ అంతే ఉంటుంది సార్, రిటర్న్ లేదు" అన్నారు. ఆ పోస్టర్లంటే నాకు ప్రాణం. అందుకే ఇంత ఒళ్ళు మండుతోంది. ఏం చూసి కొనాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత క్యాసెట్
అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ పెట్టకు. ప్రింట్‌ని దగ్గరగా తీసి ఒక ఫోటో పెట్టు, లోపలివైపుది కూడా.

గోదారి గిటార్
పెట్టాను. లోపలివైపు బట్ట మామూలుగానే ఉంది, ఇంకు మరక కూడా దిగలేదు.

తిరుపూర్ శీను
ఫోటో చూశాను. అది డీటీఎఫ్. మాది చిత్తూరు, తిరుపూర్‌లో ప్రింటింగ్ యూనిట్ నడుపుతున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

డీటీఎఫ్ అంటే ముందు ఫిల్మ్ మీద ప్రింట్ తీస్తారు, దాని మీద జిగురు పొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో బట్టకి అంటిస్తారు. చిన్న లోగోకి బాగానే ఉంటుంది. నిలువెత్తు పోస్టర్‌ని మొత్తం అలా అంటిస్తే ఛాతీ మీద రబ్బరు షీటు కట్టుకున్నట్టే. డీటీజీ ఇంకోటి, అది ఇంక్‌జెట్ ప్రింటర్ లాంటిదే, నేరుగా బట్ట మీద పడుతుంది. మెత్తగా ఉంటుంది. అయితే రెండింట్లోనూ మామూలుగా నాలుగు మూల రంగులూ, అడుగున తెలుపూ కలిపే మిగతా రంగులన్నీ పుట్టించాలి. ఆ పోస్టర్లలో ఉండే మండే నారింజ, గులాబీ, ఆకుపచ్చ ఆ నాలుగింటితో రావు. మిషన్ తప్పు కాదు, ఆ పద్ధతికి అందే రంగులే అంత.

సరిగ్గా రావాలంటే స్క్రీన్ ప్రింటింగే. పోస్టర్‌లో ఎన్ని రంగులుంటే అన్ని స్క్రీన్లు, అంటే జాలీ బట్ట బిగించిన చట్రాలు, చేసి, ఒక్కో రంగూ విడిగా కలిపి, ఒకదాని మీద ఒకటి లాగాలి. ఖర్చంతా స్క్రీన్లు చెయ్యడంలోనే ఉంటుంది. అందుకే ఒక్క పీస్ ఎవరూ వెయ్యరు. ఆర్డర్ వచ్చాక ఒక్కొక్కటీ ప్రింట్ చేసి పంపే సైట్లలో నీకు దొరికేది దాదాపు ఎప్పుడూ డీటీఎఫ్ లేదా డీటీజీనే.

కుర్రబాస్
699కి ఇంతకన్నా ఏం ఆశిస్తారు అన్నా. వేసుకో, పాతబడితే పడెయ్.

చీరాల నేత
కుర్రబాస్ తమ్ముడూ, 699 ఇక్కడ చిన్న డబ్బేం కాదు. మా ఊళ్ళో ఆ డబ్బుతో ఏడాది కట్టుకునే లుంగీలు వస్తాయి.

బొమ్మలక్క
గోదారీ, ఆ ఎరుపూ నీలమూ ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పుకోవాలి. మాస్కోసో స్పెయిన్‌లో పుట్టాడు, యేల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల పాఠాలు నేర్చుకున్నాడు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే కంటికి ఏం జరుగుతుందన్నదే ఆల్బర్స్ జీవితమంతా చేసిన పని. ఎదురెదురు రంగుల్ని ఒకే వెలుగులో, ఒకే గాఢతలో పక్కపక్కన పెడితే వాటి మధ్య గీత నిలవదు, అదిరిపోతున్నట్టు కనిపిస్తుంది. కాలేజీలో అలా చెయ్యొద్దని నేర్పుతారు. మాస్కోసో దాన్నే పనిగట్టుకుని చేశాడు. ఆయన పోస్టర్లు కొన్నిటి మీద ఎర్ర దీపం, నీలి దీపం మార్చి మార్చి వెలిగిస్తే బొమ్మ కదులుతుంది కూడా.

ఇప్పుడు ఆ రెండు రంగుల్లో ఒక్కటి కొంచెం నల్లబడినా అదురు పోతుంది. అప్పుడు మిగిలేది ఏదో పాత బొమ్మ. మీ షర్టుకి జరిగింది అదే. శీను గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

హన్మకొండ డ్రమ్స్
అక్కా ఇది నాకు తెల్వదు. నేను ఇన్నాళ్ళు అది ప్రింటింగ్ తేడా అనుకున్న. థాంక్స్.

ఫ్రీమాంట్ బాబాయ్
మాకు గంట దూరంలో ఉంది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ కచేరీ హాలు, గీరీ వీధిలో. కచేరీలు నడిపించే బిల్ గ్రాహమ్ 1965 చివర్లో అక్కడ కచేరీలు మొదలెట్టాడు. 1989 భూకంపంలో దెబ్బతిని మూతపడి, 1994లో మళ్ళీ తెరిచారు. మెట్లెక్కగానే ఒక తొట్టిలో యాపిల్ పళ్ళు ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. పైన గదిలో గోడల నిండా పోస్టర్లే, నేల నుంచి కప్పు దాకా. టికెట్లన్నీ అమ్ముడైన కచేరీలైతే బయటికొచ్చేటప్పుడు చాలాసార్లు కొత్త పోస్టర్ ఉచితంగా చేతిలో పెడతారు, ఇప్పటికీ.

అక్కడ అసలు కాగితాలు దగ్గర్నుంచి చూశాను. ఆ రంగులు ఫోన్ తెరలో కూడా సరిగ్గా కనపడవు. నారింజ రంగు గులాబీలోకి జారుతుంది, మధ్యలో గీత ఉండదు.

తిరుపూర్ శీను
బాబాయ్ చెప్పిన ఆ జారుడుని మా వాళ్ళు స్క్రీన్ మీద కూడా తెస్తారు. ఒకే స్క్రీన్‌లో రెండు ఇంకులు పక్కపక్కన పోసి స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, లాగుతూ పోతే మధ్యలో అవే కలుస్తాయి. ప్రెస్‌లో ఇంకు తొట్టికి చెరోవైపు చెరో రంగు పోసి అప్పట్లో కాగితం మీద తీసిందీ ఇదే ఉపాయం. ఏ రెండు ప్రింట్లూ అచ్చంగా ఒకేలా రావు. డిజిటల్‌లో అన్నీ ఒకటే.

నిద్రలేని రవి
నా మాట ఎవరికీ నచ్చదు గానీ చెప్తా. పోస్టర్ కాగితానికి పుట్టింది, గోడ మీద ఉండాలి. టీషర్టు మీదకి ఎక్కించగానే అది ఒక బ్రాండ్ అయిపోతుంది. పాట వినకుండా బొమ్మ వేసుకు తిరిగేవాళ్ళే ఎక్కువ. ఫ్రేమ్ కట్టించుకోండి, గొడవే లేదు.

పాత క్యాసెట్
రవీ, గట్టిగా కాదంటాను. శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్లకి పేరుపడ్డ అయిదుగురు పెద్ద ఆర్టిస్టుల్లో ఒకడైన స్టాన్లీ మౌస్ మొదలైందే షర్టుల మీద. శాన్‌ఫ్రాన్సిస్కో రాకముందు డెట్రాయిట్ వైపు కార్ల ప్రదర్శనల్లో ఎయిర్‌బ్రష్‌తో టీషర్టుల మీద భూతాల బొమ్మలు వేసి అమ్మేవాడు. పోస్టర్ తర్వాత వచ్చింది. 1970లలో ఆయనా ఇంకో పోస్టర్ ఆర్టిస్టు ఆల్టన్ కెల్లీ కలిసి మాన్‌స్టర్ కంపెనీ అని పెట్టి టీషర్టులే ముద్రించారు, అదీ సిల్క్ స్క్రీన్‌లో నాలుగు రంగుల పద్ధతితో. గుడ్డ మీద బొమ్మ వాళ్ళకి చిన్నతనం కాదు.

ఇక బ్రాండ్ అంటావా, ఆ పోస్టర్లు పుట్టిందే టికెట్లు అమ్మడానికి. కరెంటు స్తంభాలకి అంటించారు, చిన్న సైజువి వీధిలో పంచిపెట్టారు.

నిద్రలేని రవి
మౌస్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆయన తన చేత్తో షర్టు మీద వెయ్యడం వేరు, ఎవడో స్కాన్ చేసి ఆయన పేరు కూడా చెరిపేసి అమ్మడం వేరు.

గోదారి గిటార్
ఈ రెండో మాటకి మాత్రం రవితో నేనున్నాను. పేరు చెరిపేయడమే అన్నిటికన్నా బాధ.

కుర్రబాస్
నేను ఆ బ్యాండ్ల పాటలు ఒక్కటీ వినలేదు. పుర్రె మీద గులాబీలున్న షర్టు నాకుంది, బొమ్మ నచ్చి కొన్నా. తప్పేంటి?

బొమ్మలక్క
ఏం తప్పు లేదు నాన్నా. బొమ్మ నచ్చి పాట దాకా వెళ్ళినవాళ్ళు చాలామంది. అది గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ కోసం 1966 సెప్టెంబర్‌లో వేసిన పోస్టర్. అవలాన్ బాల్‌రూమ్‌లో కచేరీ, ఫ్యామిలీ డాగ్ వాళ్ళు పెట్టింది. మౌస్, కెల్లీ చేశారు. వెళ్ళి వాళ్ళ 1970 ఆల్బమ్‌లు రెండూ విను, నీ షర్టు మీద నీకే ఇష్టం పెరుగుతుంది.

హన్మకొండ డ్రమ్స్
నా దగ్గర కూడా అదే ఉన్నది. శుక్రవారం పూట ఏసుకుంటే మా అమ్మ "ఆ బొక్కల బొమ్మ ఇప్పి లోపలికి రా" అంటది. గడప దాటనియ్యదు.

ఫ్రీమాంట్ బాబాయ్
మా ఆవిడది కూడా అదే మాట. నాది గరాజ్‌లో హ్యాంగర్‌కి ఉంటుంది, ఇంట్లోకి ప్రవేశం లేదు.

పాత క్యాసెట్
అమ్మలకి ఇంకోటి చూపించాలి అయితే. రోలింగ్ స్టోన్స్ నాలుక బొమ్మ వెనకాల ఉన్నది మన కాళికాదేవి. జాన్ పాష్ అని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ కుర్రాడు, మొదట 1970 యూరప్ టూర్‌కి పోస్టర్ వేశాడు. ఆ పని నచ్చి లోగో కూడా చెయ్యమన్నారు. వాళ్ళ గాయకుడు మిక్ జాగర్ కాళి బొమ్మ చూపించి అలాంటిదేదో కావాలన్నాడు. పాష్ నాలుకనీ పెదాల్నీ తీసుకున్నాడు. అప్పుడు ఆయనకి ఇచ్చింది 50 పౌండ్లు. అసలు బొమ్మని 2008లో లండన్ వీ అండ్ ఏ మ్యూజియం 50 వేల పౌండ్లు దాటి పెట్టి కొంది.

హన్మకొండ డ్రమ్స్
ఇది అమ్మకి చెప్తే నాలుక షర్టు కూడా ఏసుకోనియ్యదు, దేవుడి బొమ్మ చెమటల తడుస్తదని.

చీరాల నేత
అది నిజమే కదా మరి.

గోదారి గిటార్
పక్కదారి పట్టాం. కొనేటప్పుడు ఏం చూడాలి? చేతుల అంచు దగ్గరా కింద అంచు దగ్గరా ఒంటి కుట్టు ఉంటే అసలు పాతదని ఎక్కడో చదివాను.

తిరుపూర్ శీను
దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. 1990ల మధ్య దాకా అమెరికా షర్టుల్లో ఒంటి కుట్టు మామూలే, నిజం. కానీ ఇప్పుడు కావాలని అడిగితే మా వీధిలోనే ఒంటి కుట్టు వేసి, రాళ్ళతో వాష్ చేసి, మెడ పట్టీ అరగదీసి ఇస్తారు. ట్యాగ్‌లు కూడా పాతవాటి నకళ్ళు దొరుకుతున్నాయి. ఇంకో మాట, 1967 నాటి కచేరీ పోస్టర్ ఉన్న షర్టు 1967దే అని ఎవరైనా అమ్మితే పరిగెత్తండి. బ్యాండ్ షర్టుల వ్యాపారం పెద్దగా సాగింది 1970లలో.

కొత్తదే కొనుక్కోండి, మంచిది కొనుక్కోండి. నేనైతే ఇవి చూస్తా.

ముందు లోపలివైపు తిప్పి చూడాలి. నీళ్ళ ఇంకు అయితే రంగు బట్టలోకి కొంచెం దిగి ఉంటుంది. డిశ్చార్జ్ ప్రింట్ అయితే బట్టకున్న అద్దకపు రంగునే తీసేసి అక్కడ కొత్త రంగు నింపుతారు, వేలితో రాస్తే ప్రింట్ ఉందని కూడా తెలీదు. నల్ల షర్టు మీద పోస్టర్లకి దాన్ని మించింది లేదు, కాకపోతే నూరు శాతం కాటన్ అయ్యుండాలి. పాలియెస్టర్ కలిస్తే పని చెయ్యదు. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు కూడా చెడ్డదేం కాదు, 160 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉడికితే ఏళ్ళు ఉంటుంది. ఉడకనిదే పగులుతుంది. ప్రింట్ మీద రెండు బొటనవేళ్ళు పెట్టి మెల్లగా సాగదీయండి, సన్న గీతలు పడితే ఉడకలేదని అర్థం.

తర్వాత బొమ్మకి చుట్టూ డబ్బా ఉందా లేదా. మంచి వర్క్‌షాప్ అయితే పోస్టర్‌లో నలుపు ఉన్నచోట ఇంకు వెయ్యకుండా నల్ల బట్టనే వదిలేస్తుంది. బరువు తగ్గుతుంది, గాలి ఆడుతుంది, బొమ్మ బట్టలోంచి పుట్టినట్టుంటుంది. స్కాన్ చేసి నలుచదరంగా దించేవాళ్ళు ఈ శ్రమ పడరు.

బట్ట 180 జీఎస్సెం, అంటే చదరపు మీటరుకి 180 గ్రాముల కోంబ్డ్ కాటన్, మన ఎండకి చాలు. 240 అంటే బెంగళూరులో వేసుకోవచ్చేమో, విజయవాడలో వద్దు.

కుర్రబాస్
సాగదీసి చూశా. గీతలు పడ్డాయి.

తిరుపూర్ శీను
తిరగేసి ఉతుకు, నీడలో ఆరెయ్. ప్రింట్ మీద ఇస్త్రీ పెట్టకు. ఇంకొంత కాలం వస్తుంది.

గోదారి గిటార్
శీనన్నా, మరి మనమే ఒక యాభైమంది కలిసి నీ దగ్గర మాస్కోసో పోస్టర్ ఒకటి సరిగ్గా వేయించుకుంటే?

లా పాయింట్
ఆగండి. పాతది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చనుకోవడం చాలామంది చేసే పని, సరికాదు. అమెరికాలో 1964 నుంచి 1977 మధ్య హక్కుల ప్రకటనతో అచ్చయినవాటికి 95 ఏళ్ళ రక్షణ. 1967 పోస్టర్ అంటే 2062 చివరిదాకా. మాస్కోసో మిగతావాళ్ళకన్నా తెలివిగా నియాన్ రోజ్ అని సొంత పోస్టర్ల వరస మొదలుపెట్టి హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు. "మేం అమ్ముకోవట్లేదు, మాకోసమే" అన్నా యాభై షర్టులు అచ్చువెయ్యడం నకలే. లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గర కొనండి, అలాంటి షర్టు మీద లోపల మెడ దగ్గరో ప్రింట్ కిందో హక్కుదారు పేరు ఉంటుంది.

నిద్రలేని రవి
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. పోస్టర్ ఆర్టిస్టు వెస్ విల్సన్ ఫిల్మోర్ గ్రాహమ్ దగ్గర పని మానేసిందీ 1967లో, డబ్బు తగాదాతోనే. వెళ్ళేముందు వేసిన ఆఖరి పోస్టర్‌లో పాము నోట్లో డాలర్ గుర్తు పెట్టాడు. ఆ తర్వాత గ్రాహమ్ భార్య బానీ మెక్లీన్ పోస్టర్లు వెయ్యడం మొదలెట్టింది, అద్భుతంగా వేసింది. నేను చూసిన ఏ టీషర్టు సైట్‌లోనూ ఆమె పేరు కనపడలేదు. కష్టం ఆర్టిస్టుది, పేరూ లేదు డబ్బూ లేదు అంటే ఎలా?

బొమ్మలక్క
మెక్లీన్ పేరు తెచ్చినందుకు చాలా సంతోషం రవీ. ఆమె వేసిన ముఖాలు ఎంత ప్రశాంతంగా ఉంటాయో చూడండి ఒకసారి. చుట్టూ అక్షరాలు నెమలి ఈకల మధ్య దూరిపోయి ఉంటాయి.

లా పాయింట్ గారూ ఒక సందేహం. ఆ పుర్రె, గులాబీల బొమ్మ మౌస్, కెల్లీ సొంతంగా గీసింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలో ఉమర్ ఖయ్యాం రుబాయీల పాత ప్రచురణలో ఎడ్మండ్ సలివాన్ వేసిన నలుపు తెలుపు బొమ్మ. 1913 నాటిది. వాళ్ళు దానికి రంగులు, అక్షరాలు, చట్రం చేర్చారు. ఆ నలుపు తెలుపు బొమ్మ మనం వాడుకోవచ్చా?

లా పాయింట్
సలివాన్ 1933లో పోయాడు. మన చట్టంలో ఆర్టిస్టు పోయాక 60 ఏళ్ళు, అంటే 1993తో అయిపోయింది. అమెరికాలోనూ 1913ది కాబట్టి హక్కు లేదు. కాబట్టి సలివాన్ గీత వాడుకోవచ్చు. మౌస్, కెల్లీ చేర్చినవాటి జోలికి పోకూడదు. వాళ్ళ అక్షరాలు వద్దు, గుండ్రటి చట్రం వద్దు, గులాబీలకి ఎరుపు వద్దు. బ్యాండ్ పేరు అసలే వద్దు, అది ట్రేడ్‌మార్క్.

ఫ్రీమాంట్ బాబాయ్
ఖయ్యాం అన్నారు కాబట్టి ఆగలేకపోతున్నా. మాది నెల్లూరు. మా జిల్లా కవి దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చుకుని ఆ రుబాయీల్ని నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు, "పానశాల". ఆయన 1947లో పోయారు, లా పాయింట్ లెక్క ప్రకారం అదీ ఎప్పుడో స్వేచ్ఛ అయిపోయింది. ఆ ఎముకల గూడు బొమ్మకి ఇంగ్లీషు బ్యాండ్ పేరెందుకు, పానశాలలో ఒక పద్యపాదం వెయ్యండి! ఆ బొమ్మ ఏ కవిత్వం కోసం పుట్టిందో అదే మన భాషలో దాని పక్కకి వస్తుంది.

గోదారి గిటార్
బాబాయ్!! ఇదే చేద్దాం.

పాత క్యాసెట్
నాకూ ఒకటి. ఎక్స్ఎల్.

నిద్రలేని రవి
దీనికి నేను కూడా వస్తా. సలివాన్ పేరు, రామిరెడ్డి గారి పేరు రెండూ షర్టు మీద ఉండాలి, కింద చిన్నగానైనా. అది లేకపోతే రాను.

బొమ్మలక్క
పేర్లు ఉంటాయి, నా హామీ. అక్షరాలు నేను వేస్తాను. ఎప్పట్నుంచో విల్సన్ పద్ధతిలో తెలుగు రాయాలని ఉంది. ఆయన వియన్నాలో ఆల్ఫ్రెడ్ రోలర్ 1900ల మొదట్లో వేసిన అక్షరాలు చూసి తన పద్ధతి కట్టుకున్నాడు. అక్షరాన్ని వరసలో పేర్చడు, ఇచ్చిన ఆకారంలో కిక్కిరిసేలా నింపుతాడు, మధ్య సందు సన్న గీతంత మిగులుతుంది. ఇంగ్లీషులో అక్షరాల కాళ్ళూ తలలూ లావు చేసి నింపాలి. మనకి ఆ పని సగం ముందే అయిపోయి ఉంది. వొత్తులు కింద ఖాళీల్లోకి దిగుతాయి, గుడులూ కొమ్ములూ పైనున్న పాదం సందుల్లోకి ఎక్కుతాయి. "ళ్ళ", "జ్ఞ" లాంటివి ఒక్కొక్కటీ ఒక బొమ్మ.

పాత క్యాసెట్
కానీ చదవగలగాలి అక్కా. చదవలేని అక్షరాలంటే ఆ పోస్టర్లకి అందం, పద్యానికి కాదు. బాపు గారి రాత చూడండి, ఎంత వంపు తిరిగినా చదవడానికి ఆగక్కర్లేదు.

బొమ్మలక్క
బాపు గారి రాత మీద ప్రాణం నాకు. కానీ ఇక్కడ ఆగాలి. ఆగి చదవాలనే విల్సన్ అలా రాశాడు. ఎదురుగా నిలబడి అర నిమిషం చూస్తే పద్యం తెరుచుకోవాలి. మరీ చిక్కు చెయ్యను, వొత్తులు అసలు చోటు నుంచి కదిలించను. "ప" కి "వ" కి తేడా కచ్చితంగా తెలుస్తుంది.

పాత క్యాసెట్
ఆ రెండు మాటలు చాలు. గీసి చూపించండి, తర్వాత పోట్లాడతా.

హన్మకొండ డ్రమ్స్
పద్యం ఉంటే అమ్మ ఏమంటదో సూడాలె. పద్యం చదివి గడప దాటనిస్తదేమో.

తిరుపూర్ శీను
సరే, పని లెక్క. మీగడ రంగు బట్ట, 180 జీఎస్సెం. సలివాన్ బొమ్మంతా సన్న కలం గీతలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. వాటికి సన్న కన్ను ఉన్న స్క్రీన్ కావాలి, లేకపోతే గీతలు కలిసి నల్లగా ముద్దవుతాయి. నలుపు ఒక స్క్రీన్. గులాబీలకి పసుపు ఇంకో స్క్రీన్. అక్షరాలకి మూడోది, దాంట్లో కావాలంటే రెండు ఇంకులు పోసి జారుడు తెస్తా, ముదురాకుపచ్చ నుంచి నీలంలోకి. మొత్తం నీళ్ళ ఇంకే. యాభై పీసులైతే ఒక్కోటి మీ 699 కన్నా తక్కువకే పడుతుంది.

ఒక్క షరతు. బొమ్మ పాత పుస్తకం నుంచి మంచి స్కాన్ కావాలి, నెట్‌లో దొరికే చిన్న ఫోటో పంపితే తిప్పి పంపేస్తా.

ఫ్రీమాంట్ బాబాయ్
స్కాన్ సంగతి నాకు వదిలెయ్యండి. ఇక్కడి లైబ్రరీలో పాత ప్రచురణ ఉందేమో ఈ శనివారం వెళ్ళి చూస్తా. పద్యం కూడా నేనే రెండు మూడు ఏరి పెడతాను, మీరు ఓటు వెయ్యండి.

చీరాల నేత
ఆడవాళ్ళ కొలతలు కూడా పెట్టండి శీను గారూ. ప్రతిసారీ మగవాళ్ళ మీడియం వేసుకుని భుజాలు జారుతుంటాయి.

తిరుపూర్ శీను
పెడతాను. అందరూ సైజూ ఊరూ ఇక్కడే రాయండి, ఫోన్ నంబర్లు మాత్రం ఓపెన్‌గా పెట్టకండి.

కుర్రబాస్
ఎల్, గుంటూరు. ఆ 1970 ఆల్బమ్ ఒకటి పెట్టుకుని వింటున్నా అక్కా, బాగుంది.